64 మందికి ఒక కోర్టుహౌస్: టెక్సస్‌లోని లవింగ్ కౌంటీ సంగతి

పెకోస్‌వాలా (థ్రెడ్ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. మొన్న ప్రాపర్టీ టాక్స్ థ్రెడ్‌లో ఎవరో "కౌంటీ వాళ్లు చేసేదేముంది, టాక్స్ గుంజడం తప్ప" అన్నారు. అక్కడే జవాబిస్తే టాపిక్ పక్కదారి పడుతుందని ఇక్కడ వేరేగా పెడుతున్నా.

కౌంటీ (మన జిల్లాలాంటిది) అంటే ఏంటో తెలియాలంటే డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల చూసి లాభం లేదు. అక్కడ సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, టోల్ రోడ్డు అన్నీ ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఏ పని ఎవరిదో పోల్చుకోలేం. ఇవేవీ లేని చోట చూడాలి. అలాంటి చోటే లవింగ్ కౌంటీ. టెక్సస్ పడమటి అంచున, న్యూమెక్సికో సరిహద్దుకు ఆనుకొని ఉంటుంది. విస్తీర్ణం 677 చదరపు మైళ్లు. మన లెక్కలో సుమారు 1,750 చదరపు కిలోమీటర్లు, అంటే పాత జీహెచ్ఎంసీకి రెండున్నర రెట్ల పైమాటే. 2020 జనగణనలో జనాభా 64. అవును, అరవై నాలుగు. సున్నాలు ఎగిరిపోలేదు.

కౌంటీ మొత్తానికి ఒకటే ఊరు, మెంటోన్. అది కూడా మునిసిపాలిటీ కాదు. మేయర్ లేడు, సిటీ కౌన్సిల్ లేదు. ఉన్నదల్లా 1935లో కట్టిన రెండంతస్తుల పసుపు ఇటుకల కోర్టుహౌస్. గుమ్మటం లేదు, గడియార స్తంభం లేదు. మన దగ్గర పాత తాలూకాఫీసు అని చెప్పినా నమ్మేస్తారు. కానీ ఈ కౌంటీ మీద అధికారమంతా ఆ గోడల మధ్యే ఉంది.

ఉద్యోగరీత్యా ఆ వైపు వెళ్తుంటాను. తెలిసినంత చెప్తా, తెలిసినవాళ్లు కలపండి.

ఫ్రిస్కో_అత్తమ్మ

64 మందా! మా అపార్ట్‌మెంట్‌లో ఒక్క బ్లాకులో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. మరి ఆఫీసులో పనిచేసేదెవరు, పని చేయించుకునేదెవరు? అందరూ ఆ పక్కవాళ్లే అయిపోరూ?

గోదారోడు

నాదో డౌట్. అక్కడ మన కలెక్టర్‌లాంటి వాడు ఎవరు? రాష్ట్ర రాజధాని ఆస్టిన్ నుంచి పంపిస్తారా? 64 మందికి కలెక్టర్‌గా పోస్టింగ్ వస్తే పనిష్మెంట్ అనుకోవాలా, వరమనుకోవాలా?

లా_పాయింట్

@గోదారోడు ఆస్టిన్ నుంచి ఎవరూ రారండీ, అసలు తేడా అక్కడే ఉంది. మన జిల్లాలో కలెక్టర్‌ని ప్రభుత్వం వేస్తుంది, ప్రభుత్వమే మారుస్తుంది. టెక్సస్ కౌంటీలో దాదాపు ప్రతి కుర్చీకీ ఎన్నికే. పైన కమిషనర్స్ కోర్ట్ ఉంటుంది. పేరులో కోర్టు ఉన్నా అది పాలకమండలి. ఒక కౌంటీ జడ్జి, నాలుగు ప్రీసింక్ట్‌ల (కౌంటీలోని నియోజకవర్గాల) నుంచి నలుగురు కమిషనర్లు. బడ్జెట్ వాళ్లదే, పన్ను రేటు వాళ్లదే, కౌంటీ రోడ్లు వాళ్లవే.

వీళ్లు కాక షెరిఫ్ (కౌంటీ పోలీసు పెద్ద), కౌంటీ అటార్నీ, క్లర్కు, ట్రెజరర్, టాక్స్ అసెసర్, జస్టిస్ ఆఫ్ ద పీస్ అందరూ ఓట్లతోనే గెలవాలి. మా కాలేజీలో ఈ జాబితా చెప్పినప్పుడు నవ్వారు, "మరి అటెండర్?" అని.

కౌంటీ జడ్జికి లా డిగ్రీ అక్కర్లేదు. రాష్ట్ర చట్టాలు బాగా తెలిసినవాడై ఉండాలని మాత్రమే 1876 నాటి రాజ్యాంగం అంటుంది. "బాగా" అంటే ఎంతో ఓటరే తేల్చుకోవాలి. ఆయనే పాలకమండలికి అధ్యక్షుడు, ఆయనే చిన్న నేరాల కేసులు, వీలునామాల కేసులు వింటాడు. వరదో తుఫానో వస్తే అత్యవసర ఏర్పాట్లకు కూడా ఆయనే పెద్ద. పోల్చాలంటే జడ్పీ చైర్మన్‌కి కొంచెం మెజిస్ట్రేట్ అధికారం కలిపినట్టు.

చిన్న కౌంటీల్లో కుర్చీలు కలిపేస్తారు కూడా. జనాభా 8,000 లోపుంటే కౌంటీ క్లర్కు, డిస్ట్రిక్ట్ క్లర్కు ఒకరే ఉండొచ్చు. పెద్ద నేరాల కేసులకు డిస్ట్రిక్ట్ కోర్టు ఉంది గానీ అది లవింగ్‌కి మాత్రమే కాదు. 143వ జుడీషియల్ డిస్ట్రిక్ట్ అని లవింగ్, రీవ్స్, వార్డ్ మూడు కౌంటీలకూ కలిపి ఒకటే.

ఫ్రిస్కో_అత్తమ్మ

ఓహో. మేం కారు రిజిస్ట్రేషన్ స్టిక్కర్‌కి వెళ్లేది కూడా కౌంటీ టాక్స్ ఆఫీసుకే కదా. మా అబ్బాయి మ్యారేజ్ లైసెన్స్ మెకిన్నీలో కౌంటీ క్లర్కు దగ్గరే తీసుకున్నాం. ఇన్నాళ్లూ అది "గవర్నమెంటాఫీసు" అనుకున్నానంతే, ఏ గవర్నమెంటో ఆలోచించలేదు.

సీమబిడ్డ

భూగోళం సంగతి నేను కలుపుతా. మాది అనంతపురం. ఎండ, కరువు మాకు తెలిసినంత ఎవరికీ తెలీదని గర్వం ఉండేది. మాకు సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన. ఆ పడమటి టెక్సస్‌లో అందులో సగం అటూఇటూ. చివావా ఎడారి అంచు అది. మెస్కీట్ కంపలు (మన సర్కారు తుమ్మకు దాయాదులే), క్రియోసోట్ పొదలు, మధ్యలో తెల్లగా గట్టిపడ్డ సున్నపు నేల. దాన్ని కాలీచీ అంటారు. రోడ్లమీద కూడా అదే పరుస్తారు.

పడమటి హద్దు పెకోస్ నది. నది ఉందిగా అని సంబరపడక్కర్లేదు, నీళ్లు ఉప్పు. పైన రాష్ట్ర సరిహద్దు దగ్గర రెడ్ బ్లఫ్ అని 1936లో డ్యాం కట్టారు. కింద రైతులకు అందుతాయి గానీ, తాగడానికి మాత్రం మెంటోన్ వాళ్లు చాలా ఏళ్లు బయటినుంచి మోయించుకోవాల్సి వచ్చింది. ట్యాంకర్ వచ్చే రోజుకోసం చూడటమెలా ఉంటుందో మా ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు.

పెకోస్‌వాలా

సీమబిడ్డ గారు నీళ్ల సంగతి ఎత్తారు కాబట్టి చరిత్రలోకి వెళ్దాం. ఈ కౌంటీ పుట్టుకే నీళ్ల పేరుతో జరిగిన మోసం.

ముందు పేరు. ఆలివర్ లవింగ్ అని పశువుల మందలు తోలే పెద్ద వ్యాపారి. చార్లెస్ గుడ్‌నైట్‌తో కలిసి 1866లో టెక్సస్ నుంచి పెకోస్ వెంబడి న్యూమెక్సికోకు దారి వేశాడు. మరుసటి ఏడాది అదే నది ఒడ్డున కమాంచీ తెగవాళ్లతో పోరులో గాయపడి, ఫోర్ట్ సమ్నర్‌లో చనిపోయాడు. గుడ్‌నైట్ ఆ శవాన్ని అన్ని వందల మైళ్లు వెనక్కి తెచ్చి వెదర్‌ఫోర్డ్‌లో పూడ్పించాడు. సమాధి ఇప్పటికీ ఉంది, ఫోర్ట్ వర్త్ దాటితే దగ్గరే. వీకెండ్‌లో ఎక్కడికెళ్లాలో తోచని డాలస్ వాళ్లు నోట్ చేసుకోండి.

1887లో టామ్ గ్రీన్ కౌంటీ నుంచి ఈ ముక్క కోసి లవింగ్ అని పేరు పెట్టారు. పేరు పెట్టారు గానీ పాలన లేదు, ఎందుకంటే మనుషుల్లేరు. 1890 జనగణనలో మొత్తం ముగ్గురు.

ఇక్కడ డెన్వర్ నుంచి కొందరు దిగారు. లవింగ్ కెనాల్ అండ్ ఇరిగేషన్ కంపెనీ అని పెట్టి, పెకోస్‌కి కాలవ తవ్వి బీడంతా సాగుచేస్తామన్నారు. 1893లో కౌంటీ ప్రభుత్వం కావాలని అర్జీ పెట్టారు. సంతకాలు 150! మూడేళ్లలో ముగ్గురు 150 ఓటర్లయ్యారన్నమాట. అర్జీ ఆమోదం పొందింది, ఎన్నికలూ అయిపోయాయి, మెంటోన్ అని ముఖ్యపట్టణమూ వెలిసింది. అప్పటి మెంటోన్ ఇప్పుడున్న చోట కాదు, నదికి ఎగువన. ఆ ఏడాదే వరదొచ్చి కాలవ పనులు పాడయ్యాయి. తర్వాత లెక్కలు అడిగేసరికి అధికారులు మాయం. 1897లో శాసనసభ విసిగిపోయి కౌంటీ పాలన రద్దుచేసి, రీవ్స్ కౌంటీలో కలిపేసింది.

మళ్లీ 1931లో కౌంటీ నిలబడింది. ఈసారి నీళ్లు కాదు, నూనె. 1921లో ఇక్కడ చమురు పడింది. దాంతో మనుషులొచ్చారు, పన్ను కట్టే ఆస్తులొచ్చాయి. టెక్సస్‌లోని 254 కౌంటీల్లో రెండుసార్లు ఏర్పాటైంది ఇదొక్కటే. నాలుగేళ్లకు మొదట చెప్పిన కోర్టుహౌస్ లేచింది.

నల్గొండ_నవ్వులు

ముగ్గురికి 150 సంతకాలా 😂 మా ఊరి సొసైటీ ఎన్నికల్లో కాటికిపోయినోళ్లు ఓటేస్తే వింతగా చెప్పుకున్నం. వీళ్లు పుట్టనోళ్లతోనే వేయించిన్రు కదా.

గోదారోడు

కాలవ పేరు చెప్పి భూముల రేట్లు పెంచడం... ఎక్కడో విన్నట్టుంది. సరే, రాజకీయాలొద్దని మోడరేటర్ గారు కత్తి పట్టుకుని ఉంటారు, ఆగిపోతా.

మిడ్లాండ్_మావయ్య

పెకోస్‌వాలా గారూ, అసలు విషయం మీరు దాచిపెట్టారు, నేను చెప్తా. ఆ కోర్టుహౌస్ 64 మంది కోసం కాదు. అక్కడ రద్దీ ఎక్కడుంటుందంటే కౌంటీ క్లర్కు రికార్డుల గదిలో.

నేను మిడ్లాండ్‌లో ఆయిల్ కంపెనీల టైటిల్ డేటా పని చేస్తాను. బూమ్ రోజుల్లో ఈ కౌంటీల రికార్డుల గదుల్లో తెల్లారేసరికి లాండ్‌మన్‌లు క్యూ కట్టేవారు. భూమి కింది నూనె ఎవరిదో తేల్చి, వాళ్లతో లీజు కుదిర్చేవాడు లాండ్‌మన్. డీడ్ రికార్డ్స్ అని పెద్ద పెద్ద పుస్తకాలు. ఒక్కోటి రెండు చేతులతో ఎత్తాలి. ఏటవాలు బల్లలమీద పరిచి, నిలబడే చదువుతారు. ముందు ఇండెక్సులో అమ్మినవాడి పేరు, అక్కడ వాల్యూం, పేజీ. ఆ పేజీ తీస్తే ఇంకో పేరు, ఇంకో వాల్యూం. 1880ల నాటి పట్టా దగ్గర మొదలుపెట్టి ఇవాళ్టి దాకా గొలుసు తెగకుండా రావాలి. ఒక్క వారసుడు జారిపోయినా డ్రిల్లింగ్ అయ్యాక కోర్టుకెక్కుతాడు.

టెక్సస్‌లో నేలపైన హక్కు వేరు, నేల కింద ఖనిజ హక్కు వేరు. తాత రాంచ్ అమ్ముతూ మినరల్స్‌లో సగం ఉంచుకుంటాడు. ఆ సగం నలుగురు పిల్లలకు, వాళ్ల పిల్లలకు చీలుతూ పోతుంది. నూట ఇరవై ఎనిమిదో వంతు వాటా ఉన్న ఆవిడ ఎక్కడో కాలిఫోర్నియాలో ఉంటుంది, లవింగ్ కౌంటీ మ్యాప్‌లో ఎక్కడుందో ఆమెకు తెలీదు. ఆమె పేరు మాత్రం మెంటోన్‌లో పుస్తకంలో ఉంటుంది.

ఇంట్లో 64 మందే, పుస్తకాల్లో మాత్రం ఊరూరి వాళ్లూ ఉన్నారు.

సీమబిడ్డ

ఇది మన రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయడం లాంటిదే కదా మావయ్యా? అక్కడ కూడా హక్కుకు ప్రభుత్వం గ్యారంటీ ఇవ్వదా?

మిడ్లాండ్_మావయ్య

ఇవ్వదు. మన దగ్గరలాగే కాగితం నమోదు చేసుకుంటారంతే, హక్కు నిజమో కాదో క్లర్కు తేల్చడు. తేడా ఏంటంటే ఎవరైనా లోపలికెళ్లి చూడొచ్చు. సంబంధం ఉందా, ఆధార్ ఉందా అని అడిగేవాళ్లుండరు.

సర్వే నంబర్లు కూడా సరదాగా ఉంటాయి. ఒకప్పుడు రైల్వే కంపెనీలకు ట్రాక్ వేసినందుకు ప్రభుత్వం డబ్బుకు బదులు భూమి ఇచ్చింది. 640 ఎకరాల సెక్షన్లుగా కొలిచి, ఒకటి రైల్వేకి, పక్కది స్కూలు నిధికి, ఇలా చదరంగం బల్లలా. టెక్సస్ అండ్ పసిఫిక్ రైల్వే దివాలా తీశాక ఆ భూములు 1888లో ఒక ట్రస్టుకు వెళ్లాయి. ఆ ట్రస్టే ఇప్పుడు టెక్సస్ పసిఫిక్ లాండ్ అనే కంపెనీ, స్టాక్ మార్కెట్ చూసేవాళ్లకు తెలుసు. ఎవరికీ అక్కర్లేని ఎడారి అని పంచిపెట్టిన నేల.

కుర్చీలో_కలెక్టర్

అంతా బాగానే ఉంది గానీ, నా అభిప్రాయం చెప్తా, తిట్టుకోకండి. 64 మందికి అంతమంది ఆఫీసర్లు దండగ. మళ్లీ రీవ్స్ కౌంటీలో కలిపేయొచ్చుగా? రికార్డులన్నీ ఆన్‌లైన్‌లో పెడితే సరి. ఆంధ్రలో 13 జిల్లాలు 26 చేసినప్పుడు, తెలంగాణలో 10 కాస్తా 33 అయినప్పుడు కూడా నేను ఇదే అన్నా. ఆఫీసు పెరిగితే బోర్డు పెరుగుతుంది, పని పెరగదు.

లా_పాయింట్

తెలంగాణ, ఆంధ్ర జిల్లాలతో పోలిక కుదరదండీ. అక్కడ కలెక్టరేట్ దూరమని విడగొట్టారు, జనం ఉన్నారు. ఇక్కడ జనం లేరు, డబ్బుంది. టెక్సస్‌లో చమురు నిల్వ కూడా ఆస్తి కిందే లెక్క. బావి నడుస్తుంటే దాని విలువ మీద కౌంటీకి, స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఏటా ప్రాపర్టీ టాక్స్ వస్తుంది. డెలవేర్ బేసిన్ అనే చమురు ప్రాంతం నడిబొడ్డున ఉన్న కౌంటీ ఇది. ఫ్రాకింగ్ (రాతిని నీటి ఒత్తిడితో పగలగొట్టి నూనె తీయడం) వచ్చాక ఆ విలువ ఎక్కడికో పోయింది. ఆ ఆదాయాన్ని చేతులారా పక్క కౌంటీకి రాసిచ్చేది ఎవరు? 1931లో విడిగా నిలబడిందే అందుకు.

కుర్చీలో_కలెక్టర్

అదే కదా నేనంటోంది. 64 మంది చేతిలో అంత డబ్బు పెట్టడం న్యాయమా? స్కూలు కూడా లేదట అక్కడ.

పెకోస్‌వాలా

స్కూలు 1972లో మూతపడింది, చివరికి ఇద్దరు పిల్లలు మిగిలారు. ఇప్పుడు పిల్లలు పక్కనున్న వింక్లర్ కౌంటీలోని వింక్ ఊరికి బస్సులో వెళ్తారు, డిస్ట్రిక్ట్ పేరే వింక్-లవింగ్. స్కూలు పన్నుల్లో కొంత, డబ్బున్న డిస్ట్రిక్ట్‌ల నుంచి రాష్ట్రం వెనక్కి తీసుకుని లేనివాళ్లకు పంచే పద్ధతి ఉంది. కౌంటీ పన్నులకు మాత్రం అలాంటిది లేదు.

కానీ డబ్బంతా 64 మందే తింటున్నారనడం కూడా సరికాదు. ఒక్కసారి 302 హైవే మీద పొద్దున్నే వెళ్లి చూడండి. ఇసుక లారీలు, నీళ్ల ట్యాంకర్లు, పైపుల ట్రెయిలర్లు. వాటి బరువుకి కాలీచీ రోడ్లు పిండిపిండైపోతాయి. ప్రమాదం జరిగితే వచ్చేది షెరిఫ్ డిప్యూటీనే. జనగణనలో 64 అంటే రాత్రి అక్కడ సొంతింట్లో పడుకునేవాళ్లు. మ్యాన్‌క్యాంపుల్లో (కార్మికుల తాత్కాలిక బసల్లో) పడుకుని, పగలు బావుల దగ్గర పనిచేసే వేలమంది లెక్కలో వేరే ఊరివాళ్లు. వాళ్లకు ఓటు లేదు గానీ రోడ్డు కావాలి.

నల్గొండ_నవ్వులు

ఓటంటే గుర్తొచ్చింది. 2020 అధ్యక్ష ఎన్నికల్లో ఆ కౌంటీలో పోలైన ఓట్లు 66 అని చూసిన. ట్రంప్‌కి 60, బైడెన్‌కి 4. జనాభా 64, ఓట్లు 66. చిన్నపిల్లలు, ఓటెయ్యనోళ్లను తీసేస్తే ఇంకెట్ల? డెన్వరోళ్ల ఆత్మలు ఇంకా అక్కడే తిరుగుతున్నయా ఏంది?

లా_పాయింట్

😀 ఆత్మలు కాదు, చట్టం. టెక్సస్ ఎన్నికల చట్టంలో నివాసమంటే, కొన్నాళ్లు బయట ఉన్నా తిరిగి రావాలనుకునే స్థిరమైన ఇల్లు. "రావాలనుకునే" అన్నదాంట్లోనే ఉంది మెలికంతా. పెకోస్ టౌన్లోనో మిడ్లాండ్‌లోనో ఇల్లు పెట్టుకుని, పాత రాంచే మా అసలు ఇల్లు అనేవాళ్లున్నారు. మనసులో ఉద్దేశం ఏంటో ఎవరు రుజువు చేస్తారు? ఓటరు జాబితాలో పేర్లు జనాభాకన్నా ఎక్కువుండటం అక్కడ పాత సంగతే. రెండు మూడు ఓట్లతో కుర్చీ మారిపోయే చోట ఇది చిన్న విషయం కాదు. అందుకే ఎన్నికల గొడవలు కోర్టు మెట్లెక్కుతాయి.

జ్యూరీ ఇంకో తలనొప్పి. గ్రాండ్ జ్యూరీకి (కేసు విచారణకు పంపాలా వద్దా తేల్చేవాళ్లు) పన్నెండు మంది కావాలి, పెద్ద కేసు విచారణకు మళ్లీ పన్నెండు మంది. అందరూ ఆ కౌంటీ నివాసులై ఉండాలి. 64 మందిలో పిల్లలు, ముద్దాయి చుట్టాలు, సాక్షులు, షెరిఫ్ కుటుంబం పోగా ఎవరు మిగులుతారు?

ఫ్రిస్కో_అత్తమ్మ

అంటే ఒక యాభై కుటుంబాలు వెళ్లి అక్కడ సెటిలైతే కౌంటీ మొత్తం చేతిలోకి వచ్చేసినట్టేనా? సరదాకి అడుగుతున్నా.

పెకోస్‌వాలా

సరదాకి కాదమ్మా, నిజంగానే ప్రయత్నించారు. 2005, 2006 ప్రాంతంలో ప్రభుత్వం వీలైనంత తక్కువగా ఉండాలనే సిద్ధాంతం వాళ్లు కొందరు, అక్కడ భూమి కొని, మనుషుల్ని దింపి, ఎన్నికల్లో కౌంటీని పట్టేద్దామనుకున్నారు. కొన్నామన్న భూమి పత్రాల దగ్గరే కథ అడ్డం తిరిగింది. షెరిఫ్ రంగంలోకి దిగాడు, ఆ ప్లాను అక్కడితో సరి. మావయ్య చెప్పిన రికార్డుల గది మళ్లీ పనికొచ్చిందన్నమాట.

షెరిఫ్ అంటే గుర్తొచ్చింది. టెక్సస్‌లో ఎన్నికైన తొలి మహిళా షెరిఫ్ ఈ కౌంటీ ఆవిడే, ఎడ్నా రీడ్ క్లేటన్ డ్యూయీస్. 1945లో ముందు నియమించారు, తర్వాత ఓట్లతో గెలిచారు. తుపాకీ పెట్టుకునేవారు కాదని చెప్తారు. పన్నుల వసూలు కూడా షెరిఫ్ కుర్చీలోనే ఉండేది అప్పట్లో.

గోదారోడు

తుపాకీ లేకుండా పన్ను వసూలు చేశారంటే ఆవిడకు దండం పెట్టాలి.

సీమబిడ్డ

ఒక మాట. ఇంతకన్నా చిన్న కౌంటీ హవాయిలో ఉందని ఎక్కడో చదివా?

లా_పాయింట్

కలావావో. 2020లో అక్కడ 82 మంది, అంటే లవింగే చిన్నది. పైగా కలావావోకి సొంత కౌంటీ ప్రభుత్వమే లేదు, కుష్ఠురోగుల ఆశ్రమం ఉన్న చోటు కాబట్టి రాష్ట్ర ఆరోగ్యశాఖ చూసుకుంటుంది. పూర్తి ఎన్నికల యంత్రాంగంతో నడిచేది లవింగే.

కుర్చీలో_కలెక్టర్

నా మాట నేను వెనక్కి తీసుకోను, కలపాల్సిందే. కానీ రికార్డుల గది విషయం ఆలోచించాల్సినదే. ఆఫీసు ఎత్తేస్తే ఆ పుస్తకాలు ఎక్కడికెళ్తాయి?

మిడ్లాండ్_మావయ్య

1897లో కలిపినప్పుడు పెకోస్ టౌనుకే వెళ్లాయి, రీవ్స్ కౌంటీ కోర్టుహౌస్‌కి. అందుకే ఇప్పటికీ పాత పట్టా గొలుసు లాగాలంటే రెండు కోర్టుహౌసులూ తిరగాలి. ఇంకోసారి కలిపితే మా బిల్లింగ్ గంటలు పెరుగుతాయి, నాకేం అభ్యంతరం లేదు.

ఫ్రిస్కో_అత్తమ్మ

వచ్చే నెల మేం కార్ల్స్‌బాడ్ గుహలు చూడ్డానికి వెళ్తున్నాం. దారిలో ఈ మెంటోన్ చూడొచ్చా? పిల్లలకి చూపించాలనుంది.

పెకోస్‌వాలా

చూడొచ్చు. ఒడెస్సా నుంచి కెర్మిట్ మీదుగా 302 పట్టుకోండి, మెంటోన్ దాటాక 285 కలుస్తుంది, అక్కణ్ణుంచి ఉత్తరానికి. శని, ఆదివారాలు కోర్టుహౌస్ మూసి ఉంటుంది కాబట్టి మామూలు రోజు పెట్టుకోండి. దగ్గర్లోనే చెక్క చర్చి ఉంది, 1910లో పోర్టర్‌విల్ అనే ఊళ్లో కట్టారు. పెకోస్ వరదలకు ఆ ఊరు పోతే 1930లో చర్చిని ఎత్తి మెంటోన్‌కి తెచ్చారు. కౌంటీలో అన్నిటికన్నా పాత కట్టడం అదే.

పెట్రోలు కెర్మిట్‌లోనే నింపుకోండి. రాత్రి మాత్రం ఆ రోడ్డు వద్దు, లారీ డ్రైవర్లు డ్యూటీ మీద డ్యూటీ చేసి వస్తుంటారు.

ఫ్రిస్కో_అత్తమ్మ

థాంక్సండీ. పులిహోర కలిపి పెట్టుకెళ్తా అయితే, అక్కడ తినడానికేం దొరికేలా లేదు.

నల్గొండ_నవ్వులు

64 మందికి సరిపోను కలపండి అత్తమ్మా, ఓట్లు పనికొస్తయ్.